ఎండకు అడ్డంగా ఒక పలుచని పొర

(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం)



విశ్వేశ్వరయ్యగారి పేరు వినగానే హైదరాబాదువాళ్లకు 1908 నాటి మూసీ వరద, ఆ తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం అంతకు ఐదేళ్ల ముందు, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన పెట్టించిన తలుపులు గుర్తుకొస్తాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండా నిల్వ పెంచాలన్నది అక్కడి సమస్య. ఆయన రూపొందించిన తలుపులు నీరు ఒక మట్టం దాటగానే ఆ నీటి బలంతోనే తెరుచుకుంటాయి, వరద తగ్గాక వాటంతటవే మూసుకుంటాయి. ఎదురొచ్చే బలాన్ని తట్టుకోవాలంటే గోడ మందం పెంచడం ఒక దారి. ఆ బలం ఎటు నుంచి ఎటు పోతుందో కనిపెట్టి, దానిచేతే పని చేయించుకోవడం రెండో దారి. ఆ రెండో దారిలో పుట్టిన ఒక నిర్మాణ పద్ధతి గురించి ఈరోజు మాట్లాడదలిచాను. అది బిగించి కట్టిన గుడ్డతో, అంటే మెంబ్రేన్‌తో, ప్రజా భవనాలకు ముఖభాగం కట్టే పద్ధతి.

అసలు గుడ్డ అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పుకుందాం. కలెక్టరేట్లు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, బస్‌స్టేషన్లు కట్టేటప్పుడు ముందువైపు గాజు తొడగడం మనకు అలవాటైపోయింది. పడమటి గోడకు గాజు పెడతాం. మధ్యాహ్నం కాగానే లోపల కర్టెన్లు దించుతాం, పట్టపగలు లైట్లు వేస్తాం, ఏసీ పెంచుతాం. గాజు దాటి వచ్చిన ఎండ లోపలి బల్లలను, నేలను, మనుషులను వేడెక్కిస్తుంది. ఆ వేడి మళ్లీ గాజు గుండా సులువుగా బయటికి పోదు. కాబట్టి లోపలి కర్టెన్ కళ్లకు వెలుగు తగ్గిస్తుందే గాని వేడిని పెద్దగా ఆపదు, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. నీడ ఎప్పుడైనా గాజుకు బయటే ఉండాలి. పాత ఇళ్లకు వసారాలు వేసింది ఇందుకే. అయితే నాలుగంతస్తుల భవనానికి వసారా చాలదు. సాయంత్రం పడమటి ఎండ దాదాపు అడ్డంగా వచ్చి పడుతుంది, పైనుంచి దింపిన చూరు దాన్ని ఆపలేదు. ఎండకు ఎదురుగా నిలువు తెర ఒకటి కావాలి. ఆ తెరకూ గాజుకూ మధ్య కొంత ఖాళీ ఉండాలి, తెర పీల్చుకున్న వేడి ఆ ఖాళీలోంచి పైకి పోవాలి.

ఆ తెరను కాంక్రీటు జాలీతో కట్టవచ్చు, లోహపు రేకులతోనూ కట్టవచ్చు. గుడ్డ వైపు మొగ్గడానికి మొదటి కారణం బరువు. ఆరేసి మిల్లీమీటర్ల అద్దాలు రెండు కలిపిన గాజు పలక చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. టెఫ్లాన్ పూత పూసిన గాజునార గుడ్డ కిలో, కిలోన్నర ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. గుడ్డకు బరువు తక్కువే గాని అది లాగే లాగుడు తక్కువ కాదు. ఆ లాగుడంతా అంచుల్లోని ఉక్కు తాళ్లకు, అక్కడి నుంచి లంగరు పలకలకు, చివరికి భవనం స్తంభాలకు చేరుతుంది. పాత భవనానికి కొత్త తెర తొడిగేవాళ్లు పునాది మోయగల బరువు చూసి సంతోషిస్తే సరిపోదు. శ్లాబు అంచు ఎంత లాగుడును తట్టుకోగలదో ముందు చూడాలి.

గుడ్డ ఒత్తిడికి నిలవదు, వంపుకు నిలవదు. లాగితే మాత్రమే నిలుస్తుంది. గాలి ఎటు వీచినా, ఎంత వీచినా, దాంట్లో ఏ మూలా బిగి పోకూడదు. నులక మంచం అల్లి చివర తాడు బిగించి కట్టినట్టు, ఏ భారమూ పడకముందే గుడ్డలోకి బిగి ఎక్కించాలి. ఆ బిగి మామూలుగా మీటరు వెడల్పుకు 1 నుంచి 5 కిలోన్యూటన్ల దాకా ఉంటుంది. అది ఒక్కటే చాలదు, వంపు కూడా కావాలి. ఒక చిన్న లెక్క చూడండి. పది మీటర్ల దూరంలో ఉన్న రెండు అంచుల మధ్య గుడ్డ కట్టాం. గాలి చదరపు మీటరుకు 1 కిలోన్యూటన్, అంటే సుమారు వంద కిలోల బరువంత, ఒత్తుతోంది. మధ్యలో మీటరు మేర వంపు ఉంటే గుడ్డలో ప్రతి మీటరు వెడల్పుకు పుట్టే లాగుడు 12.5 కిలోన్యూటన్లు. దాన్నే దాదాపు చదునుగా, పది సెంటీమీటర్ల వంపుతో కడితే లాగుడు 125 కిలోన్యూటన్లకు చేరుతుంది. గట్టి రకం పీవీసీ పూత పాలియెస్టర్ గుడ్డ చిరిగిపోయే బలమే మీటరుకు 110, 120 కిలోన్యూటన్ల ప్రాంతంలో ఉంటుంది. డిజైన్ చేసేటప్పుడు అందులో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే వాడుకుంటాం. చదునైన గుడ్డ గోడ చూడటానికి నాజూకుగా ఉంటుంది, లెక్కలో మాత్రం నిలవదు.

అందుకే మంచి మెంబ్రేన్ ఒక దిశలో లోపలికి, దానికి అడ్డదిశలో బయటికి వంగుతుంది. గాలి నెట్టినప్పుడు ఒక వంపు ఆపుతుంది, గాలి బయటికి పీల్చినప్పుడు రెండోది ఆపుతుంది. ఈ ఆకారాన్ని కాగితం మీద ఇష్టమొచ్చినట్టు గీయలేం. అంచులు ఎక్కడుండాలో, ఏ దిశలో ఎంత బిగి ఉండాలో మనం నిర్ణయిస్తాం. ఆ తర్వాత ఆకారం దానంతటదే తేలుతుంది.

ఈ సంగతిని ప్రపంచానికి నేర్పినవాడు జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఓటో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపి, ఫ్రాన్సులో షార్త్ర్ దగ్గర యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు, దొరికిన కొద్దిపాటి సామగ్రితోనే కట్టడాలు చేయాల్సి వచ్చింది ఆయనకు. 1964లో ష్టుట్‌గార్ట్‌లో తేలిక నిర్మాణాల సంస్థ పెట్టి, సబ్బు పొరలతో ప్రయోగాలు చేశాడు. విద్యార్థులు దీన్ని ఇంటి దగ్గర చేసి చూడాలి. ఒక తీగ చట్రం తీసుకుని దాని మధ్య వదులుగా ఒక దారపు ఉచ్చు కట్టండి. సబ్బునీళ్లలో ముంచి తీస్తే చట్రం నిండా పొర పరుచుకుంటుంది, దారం అందులో వంకరటింకరగా తేలుతూ ఉంటుంది. ఇప్పుడు ఉచ్చు లోపలి పొరను మాత్రం సూదితో పొడవండి. అంతవరకూ నలిగిపడి ఉన్న దారం రెప్పపాటులో నిండు వలయమై నిలుస్తుంది. చుట్టూ ఉన్న పొర అన్ని వైపులా సమానంగా లాగుతోందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. చట్రాన్ని వంచితే పొర ఆ అంచుల మధ్య వీలైనంత తక్కువ విస్తీర్ణంలో సర్దుకుంటుంది. ఓటో బృందం ఇలాంటి పొరలను ఫొటోలు తీసి, కొలిచి, గుడారాల ఆకారాలు రాబట్టింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ క్రీడాంగణం కప్పు ఈ ఆలోచన నుంచి వచ్చిందే. అక్కడ వాడింది గుడ్డ కాదు, ఉక్కు తాళ్ల వల మీద పరిచిన ఆక్రిలిక్ పలకలు. కానీ ఆ వల ఆకారాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టడానికి క్లాస్ లింక్‌విట్స్ బృందం తయారుచేసిన గణితమే ఇవాళ మనం వాడే సాఫ్ట్‌వేర్‌లకు ఒక పునాది. ఆ కప్పు మీద పనిచేసిన ఇంజినీర్లలో యోర్గ్ ష్లైహ్ కూడా ఉన్నాడు. కోల్‌కతాలో విద్యాసాగర్ సేతును, మన దగ్గర చేయగలిగిన రివెట్ల పనికి అనువుగా, రూపొందించినది ఆయనే. దిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి 2010 కామన్‌వెల్త్ క్రీడల ముందు వేసిన మెంబ్రేన్ కప్పు కూడా ఆయన నెలకొల్పిన సంస్థదే.

ఇప్పుడు అసలు ఉదాహరణకు వస్తాను. రియాద్‌లోని కింగ్ ఫహద్ జాతీయ గ్రంథాలయం. అక్కడ ముందే ఒక గుమ్మటం ఉన్న కాంక్రీటు భవనం ఉండేది. జర్మనీకి చెందిన గెర్బర్ ఆర్కిటెక్టెన్ దాన్ని కూల్చలేదు. దాని నాలుగు వైపులా చతురస్రంగా కొత్త భవనం కట్టి, పాతదాన్ని నడుమ ఉంచుకుంది. పాత భవనం పుస్తకాల నిల్వకు ఇల్లయింది, గుమ్మటాన్ని ఉక్కు, గాజులతో మళ్లీ కట్టారు. 2013లో పని పూర్తయింది. రియాద్‌లో వేసవి ఎండ 50 డిగ్రీల దాకా వెళ్తుంది. అలాంటి చోట గాజు గోడల భవనం పెట్టడం తెలివితక్కువతనంలా కనిపిస్తుంది. కానీ ఆ గాజుకు బయట, కొంత దూరంలో, బిగించిన ఉక్కు తాళ్ల మీద వందలాది తెల్లని తెరలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏటవాలు చతుర్భుజాకారంలో, రెండు దిశల్లో వంగి, నాలుగు మూలల్లో లాగి కట్టి ఉంటుంది. దూరం నుంచి చూస్తే భవనమంతా ఒకే అల్లికలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే తెరకూ తెరకూ మధ్య సందుల్లోంచి లోపల కూర్చుని చదివేవాళ్లు కనిపిస్తారు, వాళ్లకు బయటి ఊరు కనిపిస్తుంది.

ఈ భవనాన్ని నేను మెచ్చుకునేది అందం చూసి కాదు, అందం ఉన్న మాట నిజమే అయినా. ఆ తెరలు ఒకేసారి మూడు పనులు చేస్తున్నాయి. ఎండను గాజు దాకా రానివ్వవు. ఎండలోని వెలుగును మాత్రం చెదరగొట్టి మెత్తగా లోపలికి పంపుతాయి, చదువుకునేవాడికి పుస్తకం మీద కొట్టొచ్చే వెలుగు పడదు. చిన్నచిన్న తెరలు కావడం వల్ల ఏ ఒక్కటి చిరిగినా మిగతావి నిలుస్తాయి, చిరిగినదాన్ని విప్పి మార్చుకోవచ్చు. నలభై మీటర్ల పొడవున ఒకే గుడ్డ పరిచి గొప్ప చెప్పుకునేవాళ్లు ఈ మూడో సంగతి ఆలోచించాలి. అరబ్బుల గుడారాల వారసత్వం ఆ రూపంలో ఉందని ఆర్కిటెక్టులు చెప్పుకున్నారు. అదీ సబబే. అయితే అదే దేశంలో జెద్దాలో 1981లోనే ఆ పని పెద్ద ఎత్తున జరిగింది. ఢాకాలో పుట్టిన ఇంజినీరు ఫజ్లుర్ ఖాన్ ఎస్‌ఓఎం అనే అమెరికన్ ఆర్కిటెక్చర్ సంస్థ తరఫున విమానాశ్రయపు హజ్ టెర్మినల్ మీద 45 మీటర్ల చొప్పున చదరపు గుడారాలు 210 వేయించారు. గోడలు లేని ఆ చలువ నీడలో లక్షలమంది యాత్రికులు ఏసీ లేకుండా సేదతీరుతారు. హైదరాబాదు నుంచి హజ్ వెళ్లినవాళ్లలో ఆ నీడ ఎరిగినవాళ్లు ఈ సభలోనే ఉండి ఉంటారు.

చలి దేశంలో ఇదే ఆలోచన మరోలా పనిచేస్తుంది. హాంబర్గ్ రేవులో 2009లో పూర్తయిన యూనిలీవర్ భవనానికి గాజు కిటికీల ముందు ఒకే పొర ఈటీఎఫ్‌ఈ అనే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించారు. అక్కడి బాధ ఎల్బే నది మీంచి వచ్చే గాలి. బయట పెట్టిన ఎండ తెరలు ఆ గాలికి ఊగి విరగకుండా ఫిల్మ్ కాపాడుతుంది. ఏ ఊళ్లో అయినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ పొర దేన్ని ఆపాలి?

ఆ ప్రశ్నకు సరైన జవాబు లేని ముఖభాగం ఒకటి చూపిస్తాను. 2012 ఒలింపిక్స్‌కు లండన్ స్టేడియం చుట్టూ గుడ్డ తొడుగు వేయాలనుకున్నారు. ఇరవై ఐదు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న 336 పట్టీలు, కింద మెలితిప్పి, జనం లోపలికి వెళ్లడానికి దారులు వదిలేలా. 2010లో ప్రభుత్వ ఖర్చుల కోతలో ఆ 70 లక్షల పౌండ్ల తొడుగును కొట్టేశారు. ఒక్క గీతతో కొట్టేయగలిగారంటే భవనానికి అది చేసే పని ఎంతో అర్థమవుతుంది. మరుసటి ఏడాది డౌ కెమికల్ కంపెనీ ఖర్చు భరిస్తానని ముందుకొచ్చింది. భోపాల్ దుర్ఘటనకు కారణమైన యూనియన్ కార్బైడ్‌ను 2001లో కొన్నది ఆ కంపెనీయే. ప్రమాదం నాటికి తాము యజమానులం కామన్నది డౌ వాదన. భోపాల్ బాధితులు వీధికెక్కారు, భారత ఒలింపిక్ సంఘం నిరసన తెలిపింది. లండన్ క్రీడల సుస్థిరత కమిషన్ సభ్యురాలు మెరెడిత్ అలెగ్జాండర్ 2012 జనవరిలో రాజీనామా చేశారు. తొడుగు మీద తన పేరు వేసుకోనని డౌ ఒప్పుకుంది గాని తొడుగు మాత్రం వేసే ఉంచారు. ప్రజా భవనం ముఖాన్ని ఎవరి సొమ్ముతో కడుతున్నామన్నది కూడా డిజైన్‌లో భాగమేనని నేను నమ్ముతాను. మన బస్టాండ్లు, ఆసుపత్రుల ముందువైపు ప్రకటనలకు అప్పజెప్పి ఆ డబ్బుతో తెర వేయిద్దామనే సలహా నా ముందుకు ఒకటి రెండు సార్లు వచ్చింది. వద్దన్నాను, ఇప్పుడూ వద్దనే అంటాను.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. మెంబ్రేన్ పనిలో ఎంతో సూక్ష్మమైన భాగం మన చేనేతవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అన్ని గుడ్డల్లాగే దీనికీ పడుగు, పేక ఉంటాయి. పడుగు దారాలు దాదాపు నిటారుగా సాగుతాయి, పేక దారాలు వాటి మీదుగా, కిందుగా అలలు తిరుగుతాయి. లాగినప్పుడు ఆ అలలు విచ్చుకుంటాయి కాబట్టి పేక వైపు సాగుడు ఎక్కువ. అందుకే వంపు తిరిగిన తెరను పట్టీలుగా కత్తిరించేటప్పుడు తుది కొలత కన్నా కొంచెం చిన్నగా కత్తిరిస్తారు, లాగి కట్టాక సరైన కొలతకు వస్తుంది. ఎంత చిన్నగా అన్నది గుడ్డ కట్ట మారితే మారుతుంది. కొన్న ప్రతి కట్టలోనూ నమూనా తీసుకుని, రెండు దిశల్లో ఒకేసారి లాగి పరీక్షించాకే కత్తిరింపు మొదలుపెట్టాలి. ఆ పరీక్ష మానేస్తే తెర మీద ముడతలు వస్తాయి, ఒకసారి వచ్చిన ముడత ఎంత బిగించినా పోదు. గాజునార గుడ్డకు ఇంకో జాగ్రత్త ఉంది. దాన్ని మడతపెట్టకూడదు, నార విరుగుతుంది. చుట్టలుగా తేవాలి, నేల మీద ఈడ్వకూడదు. ఆ జాగ్రత్తలు తీసుకుంటే ఎంతకాలం నిలుస్తుందో కాలిఫోర్నియాలోని లా వెర్న్ విశ్వవిద్యాలయంలో 1973లో కట్టిన గుడారం చూపిస్తోంది. టెఫ్లాన్ పూత గాజునారతో వచ్చిన మొదటి శాశ్వత కట్టడం అది. దశాబ్దాల పాటు అదే గుడ్డ నిలిచింది. పీవీసీ పూత పాలియెస్టర్ చౌక, మడతకు ఓర్చుకుంటుంది, కానీ 15, 20 ఏళ్లకు మార్చుకోవాలి.

గాలి సంగతి. గాలి భారాలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులకు 50 మీటర్లు. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు, పరిసరాల గుణకాలు పక్కనపెట్టి మూల వేగాలతోనే లెక్కిస్తే హైదరాబాదులో చదరపు మీటరుకు సుమారు 1,160 న్యూటన్లు, విశాఖలో 1,500. 2015లో సవరించిన కోడ్ తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఉండి, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన భవనాలకు వేగాన్ని 1.3 రెట్లు పెంచమంటుంది. అప్పుడు విశాఖ లెక్క 2,535కు చేరుతుంది. భవనం మూలల దగ్గర గాలి పీల్చే బలం ఇంకా ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పును ఏం చేసిందో చూసినవాళ్లకు ఈ అంకెల అర్థం వేరే చెప్పక్కర్లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తెలంగాణలోనూ రాయలసీమలోనూ గ్రంథాలయాలకు, కళాశాలలకు మెంబ్రేన్ తెరలు నిస్సందేహంగా పనికొస్తాయి. తీరప్రాంత ఆసుపత్రులకు శాశ్వతంగా బిగించిన పెద్ద తెరలు వద్దు. అక్కడ రంధ్రాల మెష్ గుడ్డతో చిన్న పలకలు, అవీ తుపాను హెచ్చరిక రాగానే విప్పుకునేవి అయితేనే వేయాలి. ఉప్పుగాలికి అల్యూమినియం పట్టీ, స్టీలు బోల్టు ఒకదాన్నొకటి తాకినచోట తుప్పు మొదలవుతుంది, వాటి మధ్య వేరుచేసే వాషర్ తప్పనిసరి.

ఒక జిల్లా కేంద్రంలో ప్రజలు రోజూ వచ్చిపోయే ఒక కార్యాలయానికి పడమటి వైపు వేసిన తెరను నేను దగ్గరగా చూశాను. ఊరి పేరు అనవసరం. ప్రారంభోత్సవం నాటికి పూర్తి కావాలని తొందరగా వేశారట. గుడ్డ మంచిదే. అంచుల్లో తాడు లేదు, బిగింపు పట్టీ లేదు. ఫ్లెక్సీ బ్యానరుకు వేసినట్టు ఇత్తడి కన్నాలు వేసి, ప్లాస్టిక్ తాడుతో చట్రానికి కట్టారు. లాగుడంతా ఆ కన్నాల మీదే పడింది. ప్రతి కన్నం చుట్టూ పడుగు దారాలు తెగి, కన్నం బొటనవేలు పట్టేంత చీలికగా సాగింది. కింది అంచు సడలి జోలెలా వేలాడితే అందులో వాననీరు నిలిచింది, నీటి బరువుకు చీలిక ఇంకా పెరిగింది. రెండో వానాకాలానికి తెర సగం ఊడి స్తంభానికి చుట్టుకుంది. అక్కడి ఉద్యోగిని అడిగితే, బాగుచేయడానికి ఏ పద్దు కింద రాయాలో తెలియక ఫైలు ఆగిపోయిందన్నారు. సివిల్ విభాగం అది ఎలక్ట్రికల్ వాళ్లదని, వాళ్లు ఫర్నిచరు పద్దు అని అన్నారట. చివరికి మిగిలింది ఎండలో క్యూ కట్టిన పింఛనుదార్లు. వాళ్ల కోసం వేసిన తెర అది.

అక్కడ ఓడిపోయింది గుడ్డ కాదు. మెంబ్రేన్ వేసిన మొదటి నెలల్లో కొంత సాగుతుంది, మళ్లీ బిగించాలి. ఆ బిగించే ఏర్పాటు డిజైన్‌లోనే ఉండాలి. అంటే మూల పలకల దగ్గర మరలు, మనిషి చేరుకోవడానికి నిచ్చెనో నడకదారో ఉండాలి. ఏడాదికోసారి తాళ్లు, అతుకులు, మూలలు చూడాలి. పైన పడ్డ దుమ్ము వానకు పూర్తిగా పోదు, కడగాలి. ఇవన్నీ పెద్ద ఖర్చులు కావు. కాకపోతే కట్టడానికి డబ్బు ఒక చోట నుంచి, చూసుకోవడానికి డబ్బు మరో చోట నుంచి రావాలి గనక రెండోది రాదు. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. నూరేళ్ల తర్వాత కూడా ఆ గేట్లు ఎత్తుతున్నారంటే, కట్టినవాళ్లతో పాటు కాపాడుతూ వచ్చినవాళ్లు ఉండబట్టే.

అందుచేత ఈ సభలో ఉన్న ప్రభుత్వ ఇంజినీర్లకు, రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయే విద్యార్థులకు నా విన్నపం ఇది. మెంబ్రేన్ ముఖభాగానికి టెండరు పిలిచినప్పుడు గుడ్డ చదరపు మీటరు ధరతో ఆగకండి. అంచు తాడు, బిగించే మర, చేరుకునే దారి డ్రాయింగులో లేకపోతే ఆ డ్రాయింగు మీద సంతకం పెట్టకండి. కనీసం పదేళ్ల తనిఖీ, మళ్లీ బిగింపు, కడుగుడు అదే కాంట్రాక్టులో రాయించండి, దానికి పద్దు పేరు ముందే పెట్టించండి. ప్రతి తెర కత్తిరింపు నమూనా ఫైళ్లను, కొన్ని మీటర్ల అదనపు గుడ్డను శాఖ దగ్గర ఉంచుకోండి, కంపెనీ మూతపడ్డా తెర మార్చుకోగలిగేలా. ఈ నాలుగూ ఒప్పందంలో లేకపోతే తెర వేయకండి. ఆ డబ్బుతో పడమటి వైపు చెట్లు నాటించండి.